టేబుల్ 4లో 120 మంది

నేపథ్యం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఎం.ఏ. రెండో సంవత్సరం పిల్లల ప్రాజెక్టులకు గైడ్‌గా ఉండటం కూడా నా పనే. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ప్రాజెక్టు సంగతి. ఆ అబ్బాయి సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, సంవత్సరం, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. ఏఐ యాప్‌ల గురించి పిల్లలు ఏమనుకుంటున్నారో నాకు తెలుసనే ధీమా ఆ ఏడాది దాకా ఉండేది. ఈ ఒక్క కేసుతో అది పోయింది.

మా జిల్లా సంగతి కొంచెం చెప్పాలి. 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లా ఇది. జిల్లా దక్షిణ కొసన ఉన్న సిరొంచ జిల్లా కేంద్రం నుంచి సుమారు 200 కిలోమీటర్లు. అదే సిరొంచ నుంచి గోదావరి వంతెన దాటితే తెలంగాణలోని కాళేశ్వరం. సిరొంచ వైపు జనానికి ఆస్పత్రి అయినా, పెళ్లి బట్టలైనా మంచిర్యాల, వరంగల్. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కొందరికి వాడలో మాడియా గోండి. ఎం.ఏ.కి వచ్చేసరికి పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మాట్లాడతారు కానీ చాలామందికి చదవడం, రాయడం రాదు. అందుకే ఫోన్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తారు.

ఏఐ యాప్ వీళ్ల చేతికి వచ్చేనాటికి పరిస్థితి ఇది. అర్ధరాత్రి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి ‘ఎలాస్టిసిటీ అంటే ఏంటి’ అని అడిగితే విసుక్కోకుండా చెప్పేది ఒకటి దొరికింది. పదిసార్లు అడిగినా పదిసార్లు చెబుతుంది. క్లాసులో నేనైతే రెండోసారికే ‘నిన్ననే చెప్పాను కదా’ అంటాను.

మా స్టాఫ్ రూమ్‌లో దీని మీద రెండే మాటలు. ఒక వర్గానికి అది కాపీ, ఇంకో వర్గానికి భవిష్యత్తు. పిల్లల మాట ఈ రెండింటిలోనూ ఇమడదు. వాడతావా అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. పక్కవాడు వాడతాడా అంటే నవ్వుతారు. వాడటం తప్పనే బెరుకు ఉంది, వాడకపోతే వెనకబడతామనే టెన్షన్ కూడా ఉంది. ఈ రెండింటి కింద ఇంకోటి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. తమకు తెలిసినదానికన్నా అది రాసిందే పెద్ద చదువు అనే నమ్మకం.

ఎదురైన సమస్య

ఈ అబ్బాయి తెలివైనవాడు, మాట తక్కువ. ప్రాజెక్టు అంశం తనే ఎంచుకున్నాడు: మా జిల్లా నుంచి తెలంగాణకు మిర్చి ఏరడానికి వెళ్లే కూలీల వలస. వరి కోతలయ్యాక వందలాది కుటుంబాలు ములుగు, ఖమ్మం, భద్రాచలం వైపు మిర్చి తోటలకు పోతాయి. తోట దగ్గరే టార్పాలిన్ గుడారాలు వేసుకుని రెండు మూడు నెలలుండి వస్తాయి. అతని తల్లి కూడా ఏటా వెళ్తుంది. ఈ మాట అతను నాకు అప్పుడు చెప్పలేదు.

ఫిబ్రవరిలో డిపార్ట్‌మెంట్ సెమినార్‌కు రఫ్ కాపీ తెచ్చాడు. నలభై పేజీల ఇంగ్లీషు, ఎక్కడా ఆగకుండా సాగుతోంది. నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాలి. నిజం చెప్పొద్దూ, సంతోషమే వేసింది. టేబుల్ 4లో 120 మంది కూలీలు ఉన్నారు. వయసు, చదువు, రోజు కూలి, పనిదినాలు అన్నీ నీటుగా, శాతాలతో సహా.

సెమినార్‌లో మా సహోద్యోగి ఒకాయన మామూలుగానే అడిగాడు: “ఈ 120 మందిని ఎక్కడ కలిశావు?”

అబ్బాయి స్లైడ్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. రిమోట్ నొక్కి తర్వాతి స్లైడ్‌కు వెళ్లాడు. అక్కడ ముగింపు ఉంది, దాన్ని చదవడం మొదలుపెట్టాడు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం రెఫరెన్సులు వెతికాను. రెండు పేపర్లు అసలు లేవు. పత్రిక ఉంది, ఆ సంచిక ఉంది, ఆ పేజీల్లో వేరే వ్యాసం ఉంది. ఈ యాప్‌ల తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి పేర్చడమే వాటి పని. రచయిత పేరు, ఏడాది, పత్రిక, పేజీ నంబర్లు అనేది ఎన్నో లక్షల సార్లు చూసిన మూస. వెతికి చూసే ఏర్పాటు లేనప్పుడు ఆ మూసను నిజంతో పనిలేకుండా నింపేస్తాయి.

ముందు తేల్చుకోవలసింది

కమిటీకి పంపాలా, నా దగ్గరే సరిదిద్దాలా? ఇతరుల రాతను ఎత్తి రాయడం మీద యూజీసీ 2018 నిబంధనలు తీసి చూశాను. అందులో కొలత పోలిక శాతం, అంటే మన రాత ఇతరుల రాతతో ఎంత కలుస్తుందన్నది. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ సమర్పించకూడదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ రఫ్ కాపీని పోలిక సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 10 శాతం లోపే వచ్చింది. వస్తుంది మరి, ఎక్కడి నుంచీ ఎత్తి రాసింది కాదుగా, అప్పటికప్పుడు పుట్టింది. లేని మనుషులకు కూలి లెక్క కట్టిన ప్రాజెక్టు ఆ కొలత ప్రకారం శుభ్రంగా ఉంది.

నేను కమిటీకి పంపలేదు. కారణం ఒక్కటే: ఇది ఇంకా రఫ్ కాపీ, సమర్పించిన ప్రాజెక్టు కాదు. రఫ్ కాపీలో తప్పు పట్టుకోవడానికే గైడ్ ఉండేది. ఆ టేబుల్‌తో ప్రాజెక్టు సమర్పించి ఉంటే పంపేదాన్ని, ఆ మాట అతనికి మొహం మీదే చెప్పాను. సెమినార్‌లో ప్రశ్న అడిగిన సహోద్యోగి మాత్రం ‘మీరు కాపాడుతున్నారు మేడం’ అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేదని నేను ఇప్పటికీ అనలేను.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట డిటెక్టర్. ఏ పేజీలు యాప్ రాసిందో తెలిస్తే అవి తీసేయించవచ్చనుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే ఒకదాంట్లో వేస్తే దాదాపు అంతా యాప్ రాసిందేనంది. సరే అనుకుని, ఎందుకో 2016లో నేను రాసిన సెమినార్ పేపర్ కూడా వేశాను. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబర్ 30న. నా పేపర్‌లో సగానికి పైగా యాప్ రాసిందేనని వచ్చింది. అప్పుడు కాస్త చదివాను. 2023 జనవరిలో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ స్వయంగా తెచ్చిన డిటెక్టర్, ఏఐ రాతలో 26 శాతాన్నే పట్టిందట, మనిషి రాతను 9 శాతం సార్లు ఏఐదని పొరబడిందట. సంస్థే ఈ లెక్క చెప్పుకుంది, జూలైలో దాన్ని తీసేసింది కూడా. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం ఏఐ రాసినవని తేల్చాయి.

కారణం తెలిశాక ఇంకా బాధేసింది. తర్వాతి మాట ఎంత సులువుగా ఊహించగలిగితే అంత యంత్రం రాతగా లెక్కేస్తాయివి. పరభాషలో రాసేవాళ్లు తెలిసిన కొద్ది మాటలతో, నేర్చుకున్న వాక్యాలతో జాగ్రత్తగా రాస్తాం. అదే నేరమవుతుంది. మా పిల్లలకు ఇంగ్లీషు మూడో భాషో, నాలుగో భాషో. డిటెక్టర్‌ను అక్కడితో వదిలేశాను.

తర్వాత పూర్తి నిషేధం. యాప్ వాడనని రాసివ్వమన్నాను, రాసిచ్చాడు. ఊతకర్ర తీసేస్తే నడుస్తాడని నా ఆలోచన. మూడు వారాలైనా అరపేజీ దాటలేదు. నాలుగో వారం పది పేజీలు తెచ్చాడు, మళ్లీ అదే గలగల పారే ఇంగ్లీషు. అడిగితే తల దించుకుని, “ఫోన్ నాది కాదు మేడం, మా అన్నది” అన్నాడు. అతనితో ఉండే రూమ్మేట్ వరసకు బావమరిది అవుతాడు, అతన్ని అన్న అంటారా అని నేను అడగలేదు. వాడలేదని అబద్ధం చెప్పలేకపోయాడు, అది చాలనిపించింది.

ఈలోగా క్లాసు మొత్తానికి ఒక ఫారం పెట్టాను: యాప్ వాడితే దేనికి వాడారో రాయండి, శిక్ష లేదు. దాదాపు అందరూ ఒకే వాక్యం రాశారు: ‘వ్యాకరణం సరిచూసుకోవడానికి మాత్రమే.’ తప్పు వాళ్లది కాదు. ఫారంలో ఉదాహరణగా ఆ వాక్యం ఇచ్చింది నేనే. ఏది రాస్తే మేడంకు నచ్చుతుందో మేడమే చూపించాక ఇంకోటి ఎవరు రాస్తారు?

చాట్ చదివిన మధ్యాహ్నం

అప్పటికి మార్చి సగమైంది. వేరే దారి లేక అడిగాను: “ఆ యాప్‌తో నువ్వు మాట్లాడిందంతా నాకు చూపిస్తావా? మార్కులకు సంబంధం లేదు.” చాలాసేపు ఆలోచించి ఫోన్ ఇచ్చాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మొదటి నుంచి చదివాం. రెండు గంటలు పట్టింది. ఈ కేసులో అసలు సంగతి తెలిసింది ఆ రెండు గంటల్లోనే.

మొదట్లో ప్రశ్నలన్నీ చదువు ప్రశ్నలే. ‘పుష్ ఫ్యాక్టర్ అంటే మా ఊరి ఉదాహరణతో చెప్పు.’ ‘ఇది నాకు అర్థం కాలేదు, ఇంకా సులువుగా.’ ‘మీడియన్ ఎందుకు, యావరేజ్ చాలదా?’ ఈ ప్రశ్నల్లో ఒక్కటి నన్నడిగినా పొంగిపోయేదాన్ని. ఒకచోట యాప్ సిరొంచను తెలంగాణలో కలిపేస్తే ‘కాదు, మహారాష్ట్ర’ అని సరిదిద్దాడు కూడా.

జనవరి చివర్లో ఒక రాత్రి ఒంటి గంట దాటాక ప్రశ్నల తీరు మారింది. ‘నాకు 120 మంది కూలీల టేబుల్ కావాలి.’ యాప్ ఇచ్చింది. టేబుల్ కింద ఒక వాక్యం ఉంది: ఇవి నమూనా అంకెలు మాత్రమే, మీ సర్వేలో వచ్చిన అంకెలతో మార్చుకోండి. అతను టేబుల్ కాపీ చేసుకున్నాడు, ఆ వాక్యం వదిలేశాడు. ఆ చోటుకు వచ్చాక వేలు తెర మీద ఆపేశాడు, కిందికి జరపలేదు. యాప్ మోసం చేసిందని చెప్పుకోవడానికి వీల్లేకుండా ఆ వాక్యం అక్కడే ఉంది.

“120 ఎందుకు?” అన్నాను.

“మీరే అన్నారు కదా మేడం. వంద దాటకపోతే ఎక్స్‌టర్నల్ ఒప్పుకోరని.”

అన్నాను. ఎక్స్‌టర్నల్ అంటే వైవాకు బయటి నుంచి వచ్చే పరీక్షకుడు. ఆగస్టులో, మొదటి మీటింగ్‌లో అన్నాను. అందరికీ చెప్పే మాటే. బస్సు ఛార్జీకి లెక్క చూసుకునే పిల్లవాడికి, కూలీలంతా నది అవతల తోటల్లో ఉండే కాలంలో, వంద మందిని పట్టుకో అన్నది నేనే. అంకె నాది, నింపింది యాప్, సంతకం అతనిది.

ఇంకో మాట కూడా అప్పుడే బయటపడింది. “మీ ఊళ్లో ఎవరూ వెళ్లరా మిర్చికి?” అంటే, “మా అమ్మ వెళ్తుంది మేడం. కానీ ఇంట్లో వాళ్ల మాట రీసెర్చ్ అవుతుందా?” అన్నాడు. తల్లి ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని మీద యాప్‌ను అడిగాడు. యాప్‌కు తెలియదని తెలిసీ అది చెప్పిందే రాశాడు. అది ఇంగ్లీషులో చెప్పింది మరి.

పనిచేసింది

ఆ సాయంత్రమే వంద అనే నిబంధన తీసేశాను. దొరికినంత మందిని కలువు, ఎంతమందో ఉన్నదున్నట్టు రాయి, ఎందుకు అంతే దొరికారో ఒక పేజీ రాయి అన్నాను. తక్కువ మందితో శాతాలు వేయకూడదు, సాధారణీకరించకూడదు. అయినా కేస్ ఇంటర్వ్యూల పద్ధతి మన శాస్త్రంలో ఉన్నదే, దొడ్డిదారేమీ కాదు. ఎక్స్‌టర్నల్ గొణిగితే జవాబు నేను చెబుతానన్నాను. పిల్లవాడి భయంలో సగం నేను పెట్టినదే కాబట్టి దాన్ని తీసేయవలసిందీ నేనే.

యాప్‌ను మాన్పించలేదు. ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం మార్చాం. దానికి ఒకటే ఆజ్ఞ: ‘నువ్వు జవాబులు రాయకు, నన్ను ప్రశ్నలడుగు.’ అలా ముప్పై ప్రశ్నల పట్టిక తయారైంది. ఉగాదికి కూలీలు ఊళ్లకు తిరిగొచ్చారు. మా దగ్గర అదే రోజు గుఢీపాడ్వా కూడా, అరకిలోమీటరులో రెండు పండగలూ కనిపిస్తాయి. అబ్బాయి ఆ పట్టిక పట్టుకుని ఇంటికి వెళ్లి మొదట తల్లి ముందు కూర్చున్నాడు. ఫోన్‌లో రికార్డు చేసింది తర్వాత నాకు వినిపించాడు.

ఏడో ప్రశ్న: “రోజుకు నీ కూలి ఎంత?”

రికార్డింగ్‌లో ముందు నవ్వు వినిపిస్తుంది. “రోజుకూలి ఎవడిస్తడు బిడ్డా? కిలోల లెక్క. ఎన్ని కిలోలు ఏరితే అన్ని పైసలు.” కాసేపాగి, “నీ కాయితంల ఇది రాసుకో. తూకం ఎవరు పట్టిండ్రు అని అడుగు. గది అడగకుంటే నీ లెక్కంత ఉత్తదే.”

పొద్దున మంచుకు తడిసిన కాయ బరువు తూగుతుందని కూలీల మేస్త్రీ తరుగు తీస్తాడట. ఆ తరుగు ఎంతన్నది తోటకో తీరు. కొందరు డబ్బుకు బదులు ఎండుమిర్చే తీసుకుంటారు, బస్తా ఇంటికి తెచ్చుకుని ధర చూసుకుని అమ్ముకుంటారు. టేబుల్ 4లో ‘రోజు కూలి, రూపాయల్లో’ అనే గడి ఉందని చెప్పాను కదా. ఈ మిర్చి బస్తాకు అందులో చోటే లేదు. తల్లి ఆ ముప్పైలో సగం ప్రశ్నలు కొట్టేయించింది, నాలుగు చేర్చింది. ఆ నాలుగే ప్రాజెక్టుకు వెన్నెముక అయ్యాయి.

కొన్ని చిన్న నియమాలు పెట్టుకున్నాం. ప్రాజెక్టులో అంకె ఉన్న ప్రతి వాక్యం పక్కన నోటుబుక్ పేజీ నంబరో, పుస్తకం పేజీ నంబరో పెన్సిల్‌తో ఉండాలి, లేకపోతే ఆ వాక్యం కొట్టేయాలి. కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు యాప్‌లో పెట్టకూడదు. ఇది ఆలస్యంగా పెట్టిన నియమం, అప్పటికే ఇద్దరి పేర్లు పెట్టేశాడు. తీయించాం కానీ నేను ముందే చెప్పి ఉండాల్సింది. వారానికోసారి పావుగంట, కాగితం లేకుండా, తెలుగులో నాకు చెప్పాలి. ఆ పావుగంట నాకు డిటెక్టర్ కంటే నమ్మకంగా పనిచేసింది. తెలిసింది గబగబా చెబుతాడు, తెలియని చోట ఇంగ్లీషు మాటలు దొర్లుతాయి. అక్కడ ఆపి అడిగేదాన్ని.

రికార్డింగులను యాప్‌తో రాయిద్దామని చూశాం, కుదరలేదు. వీళ్ల తెలుగులో మరాఠీ, మాడియా కలగలిసి ఉంటాయి, సగం మాటలు పోయాయి. చేత్తోనే రాసుకున్నాడు, తెలుగు మాటను మరాఠీ లిపిలో. నాకు మొదట చదవడం కష్టమైంది, తర్వాత అలవాటైంది.

ఏప్రిల్ చివర్లో ఒక రోజు తనంతట తనే నా గదికి వచ్చాడు. ఇంటర్వ్యూల సారాంశం ఇంగ్లీషులో చేసిపెట్టమని యాప్‌ను అడిగితే అది మళ్లీ ‘డైలీ వేజెస్’ అని రాసిందట. “చూడండి మేడం, కిలోల లెక్కని మూడుసార్లు చెప్పాను. మళ్లీ రోజుకూలి అంటోంది.” గొంతులో కోపం ఉంది. యాప్ మీద అతను కోప్పడటం నేను విన్నది అదే మొదటిసారి. జనవరిలో ఇదే యాప్ చెప్పిందని తల్లి పనిని పక్కన పెట్టినవాడు. ఆ రోజు నుంచి నేను పెద్దగా అడగలేదు.

మిగిలిన లెక్క

ప్రాజెక్టు మరాఠీలో రాశాడు, ఇంగ్లీషులో సారాంశం ఒక్కటే. ఆ సారాంశాన్ని యాప్‌తో సరిదిద్దించుకున్నాడు. ఏం మార్చిందో, ఏది ఒప్పుకున్నాడో, ఏది ఒప్పుకోలేదో అనుబంధంలో రెండు పేజీలు పెట్టాడు. తర్వాతి బ్యాచ్‌కు నేను ఫారం పెట్టడం మానేసి ఈ రెండు పేజీలే అడుగుతున్నాను. కొందరు అవి కూడా యాప్‌తోనే రాయించుకొస్తున్నారు. పక్కన కూర్చోబెట్టి అడిగితే తెలిసిపోతుంది. కానీ ఇరవై మందిని అలా కూర్చోబెట్టే తీరిక నాకు లేదు, మా కాలేజీలో ఎవరికీ లేదు. ఈ ఒక్క అబ్బాయికి నేను పెట్టిన గంటలు లెక్కేస్తే ఇంకో ముగ్గురికి పెట్టవలసినవి.

మే నెలలో వైవా. వచ్చిన ఎక్స్‌టర్నల్ నేను భయపడినట్టే శాంపిల్ చిన్నదన్నాడు, మార్కులు అందుకు తగ్గట్టే వేశాడు. కొత్త టేబుల్ 4లో 22 మంది ఉన్నారు. తూకం ఎవరు పట్టారు అనే గడి ఒకటి అదనంగా వచ్చింది. పదిహేడో వరసలో కూలి గడి ఖాళీగా ఉంది.

“ఇది నింపడం మర్చిపోయావా?” అని అడిగాడాయన.

“లేదు సార్. ఆమె చెప్పనన్నది. మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికే పోవాలట.”

ఆయన పెన్సిల్‌తో ఆ ఖాళీ గడి చుట్టూ ఒక గీత గీసి, పేజీ తిప్పాడు.